దాగలి గట్టిదైతేనే కర్రు గట్టిది

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల రైతులు, చేతివృత్తుల వారి ఉమ్మడి సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనం ఎప్పుడు కూర్చున్నా మద్దతు ధర, కాలువ నీళ్ళు, కరెంటు, యూరియా, మిల్లుల కోతల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవాల్సినవే. ఈ రోజు మాత్రం ఒక ఇనుప దిమ్మ గురించి మాట్లాడుకుందాం. కమ్మరి కొలిమి ముందు నేలలో పాతి ఉండే దాగలి గురించి. కొన్ని ఊళ్ళల్లో పట్టెడ అని కూడా అంటారు. ఎర్రగా కాల్చిన ఇనుమును దాని మీద పెట్టి సుత్తితో, సమ్మెటతో కొడతారు. మన కర్రు, కొడవలి, పార, గడ్డపార, గొడ్డలి అన్నీ దాని మీద పుట్టినవే.

ట్రాక్టర్లు, వరికోత మిషన్లు వచ్చినాక దాగలితో పనేంటని కొందరు తమ్ముళ్ళు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అక్కడి నుంచే మొదలుపెడదాం.

కొలిమి పని తగ్గింది, అవసరం పోలేదు

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పెరిగింది. వరితో పాటు మిల్లులు వచ్చాయి, ఆ తరువాత ట్రాక్టర్లు వచ్చాయి. నాగలి మూలకు పడింది, ఎడ్ల బండి కూడా పోయింది. బండి చక్రానికి ఇనుప కట్టు ఎక్కించే పని పోవడంతో కొలిమికి పెద్ద ఆదాయం పోయింది. వరి కోత మిషన్ వచ్చి కొడవలి పని కూడా సగం తీసుకుపోయింది.

కానీ మన ఇంటి వెనక చావిడిలో ఏమున్నాయో ఒకసారి చూసుకోండి. ఒడ్లు చెక్కే పార ఉంది. గుంత తీసే గడ్డపార, కంప కొట్టే గొడ్డలి, పసులకు గడ్డి కోసే కొడవలి, మిరప చేలో కలుపు తీసే దంతె ఉన్నాయి. కల్టివేటర్ కర్రులు అరిగిపోతున్నాయి. దమ్ము చేసే కేజీ వీల్స్ పట్టీలు వంగుతున్నాయి. పామాయిల్ వేసిన రైతులకు గెలలు కోసే ఉలి, పొడుగు కర్ర కొడవలి కావాలి. పడిపోయిన వరిని మిషన్ కోయలేని చోట మళ్ళీ కూలీల చేతి కొడవలే దిక్కు. అరెకరం, ఎకరం ఉన్న రైతుకూ, కౌలు రైతుకూ, కూలికి పోయే అక్కకూ చేతి పనిముట్టు లేకుండా ఒక్క రోజు గడవదు.

ఊళ్ళో కొలిమి ఆరిపోతే ఏమవుతుంది? పదును పెట్టించడానికి బండి వేసుకుని సూర్యాపేటకో, కోదాడకో పోవాలి. పెట్రోలు ఖర్చుకు తోడు సగం దినం కూలి పోతుంది. ఆ బాధ పడలేక సంతలో రేకు కొడవలి కొంటాం. అది పది రోజుల్లో మొద్దుబారితే పారేసి మరొకటి కొంటాం. ఒక్కొక్కటి చిన్న ఖర్చే. ఊరంతా కలిపి, ఏడాదంతా కలిపి లెక్క కడితే చిన్నది కాదు. ఆ డబ్బు ఊరి కమ్మరికి చేరక ఎక్కడికో పోతోంది.

వెట్టి రోజులు మరిచిపోవద్దు

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. మన ప్రాంతంలో కమ్మరికీ రైతుకూ మధ్య సంబంధం ఎప్పుడూ సమానంగా సాగలేదు. నిజాం కాలంలో దొరల గడీలకు కమ్మరి, వడ్రంగి ఉత్తపుణ్యానికి పనిముట్లు చేసి ఇవ్వాల్సి వచ్చేది. అదే వెట్టి. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల్లో 1940ల్లో లేచిన రైతాంగ పోరాటం ఆ వెట్టి మీద కూడా తిరగబడింది. ఆ పోరాటంలో కమ్మరులు, వడ్రంగులు, కుమ్మరులు, చాకలి, మంగలి, గౌడ, గొల్ల కురుమ అన్ని వృత్తుల వారూ ఉన్నారు.

వెట్టి పోయినా మేర పద్ధతి చాలా ఏళ్ళు సాగింది. పంట నూర్చినప్పుడు కల్లం దగ్గర ధాన్యం కొలిచి ఇస్తే, ఏడాది పొడుగునా కమ్మరి పదును పెట్టేవాడు. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది. కరువు ఏడాదిలో రైతు కొలవలేకపోతే కమ్మరి ఇంట్లో కూడా పొయ్యి వెలిగేది కాదు. ధర ఎంతో మాట ఉండేది కాదు, గొడవ వస్తే పెద్ద రైతు మాటే చెల్లేది. ఈ రోజు మనం కొలిమిని నిలబెడదాం అంటే పాత మేరను తిరిగి తెద్దామని కాదు. చేసిన పనికి చేసినప్పుడే తగిన డబ్బు ముట్టాలి. మన ప్రతిపాదన అంతా దీని మీదే నిలబడి ఉంది.

దాగలి మెత్తనైతే నష్టం ఎవరికి?

కమ్మరి సుత్తి ఎత్తి కొట్టినప్పుడు ఆ బలం అంతా ఎర్రటి ఇనుములోకి పోవాలి. కింద ఉన్న దాగలి బరువుగా, గట్టిగా ఉంటే సుత్తి దెబ్బకు కదలదు. ఇనుము రెండు వైపుల నుంచీ నలుగుతుంది, అంటే కింద నుంచి దాగలి కూడా కొట్టినట్టే. దాగలి తేలికైనా, మెత్తనైనా, మొద్దులో వదులుగా ఊగుతున్నా దెబ్బలో చాలా భాగం అక్కడే వృథా అవుతుంది.

అప్పుడు పది దెబ్బల్లో అయ్యే పనికి ఇరవై దెబ్బలు పడతాయి. ఈలోపు ఇనుము చల్లారిపోతుంది, మళ్ళీ కొలిమిలో పెట్టాలి. రెండు సార్లు కాల్చేది నాలుగు సార్లు కాలుస్తారు. బొగ్గు రెట్టింపు అవుతుంది, కమ్మరి భుజం, నడుము అరిగిపోతాయి. రైతుకు జరిగే నష్టం ఇంకా లోపల ఉంది. ఉక్కు గట్టిగా ఉండేది అందులో ఉన్న కొద్దిపాటి కర్బనం వల్ల. మళ్ళీ మళ్ళీ కాల్చేకొద్దీ పైపొరలోని కర్బనం మండిపోతుంది. పొక్కులుగా రాలే నల్లటి పెళ్ళలు ఇనుము కాలిపోయిందనడానికి గుర్తు. పలుచని కొడవలి అంచుకు మిగిలేదే ఆ పైపొర. అది మెత్తబడితే ఎంత నీళ్ళ పదును పెట్టినా అంచు నిలవదు. కర్రు వారానికే మొద్దుబారితే మనం కమ్మరిని తిట్టుకుంటాం. చాలాసార్లు లోపం ఆయన చేతిలో ఉండదు, కింద ఉన్న దిమ్మలో ఉంటుంది.

మన ఊళ్ళల్లో చాలా కొలిముల్లో దాగలి అంటే తాతల నాటి చిన్న దిమ్మ. మధ్యలో గుంట పడి, అంచులు రాలిపోయి ఉంటుంది. దాని మీద తిన్నగా ఉండే కర్రు తీయమంటే ఎట్లా తీస్తారు?

ఎంత బరువు కావాలి?

కమ్మరులు అనుభవంతో పెట్టుకున్న ఒక లెక్క ఉంది. వాడే సుత్తి బరువుకు దాగలి కనీసం 20 రెట్లు ఉండాలి, 50 రెట్లు ఉంటే చాలా మంచిది. ఒకటిన్నర కిలోల చేతి సుత్తికి 30 కిలోలు కనీసం, 75 కిలోలు మేలు. ఐదు కిలోల సమ్మెట వేసేటట్టయితే 100 కిలోలు కనీసం అవుతుంది. కొడవళ్ళు, కత్తులు మాత్రమే చేసే కొలిమికి 30, 40 కిలోలు సరిపోతుంది. కర్రులు, గడ్డపారలు సాగదీసే కొలిమికి 75 నుంచి 100 కిలోలు చూసుకోవాలి.

బరువు ఒక్కటే చాలదు, ఆ బరువు దెబ్బ పడే చోటికి సరిగ్గా కింద ఉండాలి. కాళ్ళు వెడల్పుగా, నడుము సన్నగా ఉండే దాగలి చూడటానికి బాగుంటుంది. కానీ బరువంతా పక్కలకు పోతే లాభం తక్కువ.

అమ్మేవాడు చెప్పిన బరువు నిజమో కాదో ఇంట్లోనే లెక్క కట్టవచ్చు. చదరపు ఉక్కు దిమ్మ అయితే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 7.85తో గుణించి 1000తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఉదాహరణకు 15 సెంటీమీటర్ల వెడల్పు, 15 మందం, 25 ఎత్తు ఉన్న దిమ్మ 5,625 ఘన సెంటీమీటర్లు. అంటే దాదాపు 44 కిలోలు. కాంటా మీద ఇంతకంటే బాగా తక్కువ తూగితే లోపల బొల్లి ఉన్నట్టు.

కొనేముందు చేయాల్సిన పరీక్షలు

బజారులో దాగలి పేరుతో మూడు రకాలు దొరుకుతాయి. బీడుతో పోతపోసినవి, ఉక్కు పోతవి, ఉక్కును సాగగొట్టి చేసినవి. రంగు వేస్తే మూడూ ఒకేలా కనబడతాయి. బీడు దాగలి చౌక. బీడులో కర్బనం గ్రాఫైటు రేకులుగా విడిపోయి ఉంటుంది కాబట్టి అది దెబ్బను తిప్పికొట్టదు, అంచులు పెళుసుగా రాలతాయి. అటువంటిది ఎంత తక్కువకు వచ్చినా కొనొద్దు. చేతిలో ఐదు పరీక్షలు ఉన్నాయి, వీటికి పెద్ద చదువు అక్కరలేదు.

మొదటిది గోళీ పరీక్ష. పాత బేరింగులోంచి తీసిన ఉక్కు గోళీ ఒకటి, స్కేలు ఒకటి జేబులో పెట్టుకుపోండి. స్కేలు నిలబెట్టి 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గోళీని దాగలి మీదికి వదలండి. తిరిగి 18, 20 సెంటీమీటర్ల దాకా లేస్తే మంచి దాగలి. 12, 13 దగ్గరే ఆగిపోతే అది మెత్తన, వదిలేయండి. ఒక్క చోట చూసి సరిపెట్టుకోవద్దు. మధ్యలో, నాలుగు అంచుల దగ్గర, కొమ్ము మొదట్లో కూడా చూడాలి. ఒక చోట బాగా లేచి పక్కనే లేవకపోతే అక్కడ పగులో, అతుకో ఉంది.

రెండవది చప్పుడు. చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. ఉక్కు దాగలి గంటలా మోగుతుంది. ఒక చోట బొంగురు చప్పుడు వస్తే అనుమానించాలి. మెత్తటి దిమ్మ మీద పలుచని ఉక్కు పలక పెట్టి చుట్టూ అంచులకే వెల్డింగ్ కొట్టి అమ్మేవాళ్ళున్నారు. పలకకూ దిమ్మకూ మధ్య ఖాళీ ఉంటుంది, చప్పుడు దాన్ని బయటపెడుతుంది.

మూడవది ఆకురాయి. పై ముఖం మీద ఆకురాయి పెట్టి గీస్తే జారిపోవాలి. ఇనుము చెక్కుకుంటూ పట్టిందంటే ముఖం మెత్తన. కానీ ముఖం మరీ పెళుసుగా ఉన్నా ప్రమాదమే, అంచులు రాలతాయి.

నాలుగవది నిప్పురవ్వలు. అమ్మేవాని అనుమతితో దాగలి అడుగు భాగాన్ని గ్రైండరుకు తాకించండి. బీడు అయితే పొట్టిగా, మసక ఎరుపు రవ్వలు వస్తాయి. మెత్తటి ఇనుము అయితే పొడుగు గీతల్లా, చీలికలు తక్కువగా వస్తాయి. కర్బనం బాగా ఉన్న ఉక్కు అయితే చిచ్చుబుడ్డిలా చిట్లుతాయి. వెల్డింగ్ షాపు తమ్ముళ్ళకు ఇది కొత్త కాదు.

ఐదవది కంటి చూపు. ముఖం మీద ఒక తిన్నని పట్టీ నిలబెట్టి వెలుతురుకు పట్టి చూడండి, మధ్యలో గుంట ఉంటే తెలుస్తుంది. గాలి బుడగల గుంతలను లప్పంతో పూడ్చి రంగు వేసి ఉంటారు, సూదితో పొడిచి చూడండి.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో కరిగించి ఉక్కు చేసేవారు. 1820ల్లో దాన్ని చూసిన వాయిజీ అనే తెల్లవాని వివరణ 1832లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. పర్షియా నుంచి వ్యాపారి అంత దూరం వచ్చి, కొలిమి దగ్గరే కూర్చుని, తూకం తానే చూసి, ఒక్కొక్క ఉక్కు ముద్దను తానే పరీక్షించుకుని కొనేవాడని అందులో ఉంది. దేశాలు దాటి వచ్చినవాడు అంత జాగ్రత్తపడ్డాడు. మన కష్టార్జితం పెట్టేటప్పుడు మనం ఎందుకు జాగ్రత్తపడకూడదు? కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్టు అంటారు. మన కమ్మరి అన్నలకు ఇనుము గురించి మనం చెప్పనక్కరలేదు. బేరానికి పోయేటప్పుడు వాళ్ళను తీసుకుపోకుండా మనమే పోవడం తప్పు.

పాతవి దొరికితే

పాత వర్క్‌షాపులు, మిల్లులు సామాను అమ్మేటప్పుడు ఇంగ్లండులో చేసిన దాగలులు ఒక్కోసారి బయటపడతాయి. పక్కన మూడు అంకెలు విడివిడిగా చెక్కి ఉంటే అది బరువు. మొదటి అంకె 112 పౌండ్లు, రెండవది 28 పౌండ్లు, మూడవది విడి పౌండ్లు. ఉదాహరణకు 1, 2, 14 అని ఉంటే 112, 56, 14 కలిపి 182 పౌండ్లు, అంటే 82 కిలోల పైచిలుకు. అటువంటిది పగుళ్ళు లేకుండా, గోళీ బాగా లేస్తూ దొరికితే వదలొద్దు. తుప్పు చూసి భయపడొద్దు, తుప్పు తుడిస్తే పోతుంది. అంచులు రాలాయని మొత్తం ముఖాన్ని మిషన్ మీద చెక్కించొద్దు. గట్టిపొర పలుచగా ఉంటుంది, అది పోతే దాగలి చచ్చినట్టే.

మనమే చేయించుకుంటే

చౌకగా, గట్టిగా అయ్యే దారి రైలు పట్టా ముక్క. మన దేశంలో ఎక్కువగా వాడే పట్టాలు మీటరుకు 52 కిలోలవి, 60 కిలోలవి. పట్టా ఉక్కులో కర్బనం బాగా ఉంటుంది. 60 కిలోల పట్టా 75 సెంటీమీటర్ల ముక్క 45 కిలోలు తూగుతుంది. చాలామంది దాన్ని అడ్డంగా పడుకోబెట్టి వాడతారు. అప్పుడు మధ్య నడుము సన్నగా ఉండటం వల్ల అది స్ప్రింగులా ఊగుతుంది. అదే ముక్కను నిలువునా పాతి, కోసిన చివరను నున్నగా చేసుకుని దాని మీద కొడితే బరువంతా దెబ్బ కిందనే ఉంటుంది. కొట్టే జాగా చిన్నదే, కానీ కొడవలికి, ఉలికి, కర్రు మొనకు అది చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రైలు పట్టా రైల్వే ఆస్తి. బిల్లు లేకుండా దగ్గర ఉంటే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద కేసు అవుతుంది. రైల్వే తుక్కును వేలంలో అమ్ముతుంది. వేలంలో కొన్న వ్యాపారి దగ్గర రసీదు తీసుకుని మాత్రమే కొనాలి, ఆ రసీదు కొలిమిలో భద్రంగా పెట్టాలి. చౌకగా వచ్చిందని రాత్రిపూట తెచ్చినది కొంటే కమ్మరి అన్న జైలు పాలవుతాడు.

రెండో దారి ఉక్కు దిమ్మ కోయించుకోవడం. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల్లో ఉక్కు దిమ్మలు కోసి ఇచ్చేవాళ్ళు, ఉక్కుకు పదును పెట్టే యూనిట్లు ఉంటాయి. మామూలు ఎం.ఎస్. దిమ్మ తీసుకోవద్దు, దానికి పదును ఎక్కదు. ఈఎన్8 రకం పెద్ద దిమ్మలో పైపైన మాత్రమే గట్టిపడుతుంది. ఈఎన్9 కొంత మేలు. ఈఎన్24 లోపలి దాకా గట్టిపడుతుంది, ధర కూడా ఎక్కువే. ఏ రకమైనా సరే, బిల్లు మీద ఉక్కు రకం రాయించుకోవాలి, పరీక్ష సర్టిఫికెట్ అడగాలి. ముఖం గట్టితనం రాక్‌వెల్ సి కొలతలో 45 పైన ఉంటే పనికొస్తుంది, 50 నుంచి 55 మధ్య ఉంటే మేలైనది.

పెద్ద దిమ్మకు ఊరి కొలిమిలో పదును పెడదామని చూడొద్దు. లోపలి దాకా ఒకే తీరుగా కాలాలంటే 850 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉంచాలి. తొట్టిలో ముంచితే చుట్టూ ఆవిరి పొర కమ్ముకుని నీళ్ళు ఇనుమును తాకవు, పైముఖం మెత్తగానే మిగిలిపోతుంది. నీళ్ళలో గట్టిపరిచే రకాలకు పైముఖం మీద ధారగా నీళ్ళు కొడుతూ ఉండాలి. ఈఎన్24 అయితే నూనెలో చల్లారుస్తారు. గట్టిపరిచిన వెంటనే మళ్ళీ 200 డిగ్రీల పైన కాచి పెళుసుతనం తీయాలి. ఈ పని తెలిసిన యూనిట్లోనే చేయించాలి.

పదును పెట్టించే ముందే పై అంచులను కొద్దిగా గుండ్రంగా చేయించండి. కత్తిలాంటి అంచు ముందు రాలుతుంది, రాలిన ముక్క కంట్లో పడుతుంది. ఇనుము కింద గీతలు కూడా పడి అక్కడే పనిముట్టు విరుగుతుంది.

పాతడం, వాడటం

మంచి దాగలిని ఊగే మొద్దు మీద పెడితే డబ్బు బూడిదలో పోసినట్టు. చింత, తుమ్మ వంటి గట్టి కర్ర మొద్దు తీసుకుని, కర్ర నార నిలువుగా ఉండేట్టు రెండు అడుగులకు తక్కువ కాకుండా నేలలో పాతి, చుట్టూ కంకర వేసి కూరాలి. దాగలిని ఇనుప పట్టీలతో మొద్దుకు బిగించాలి. కూర్చుని పని చేసే పద్ధతిలో మోకాళ్ళు, నడుము త్వరగా దెబ్బతింటాయి. నిలబడి పని చేయదలచిన వాళ్ళు పిడికిలి బిగించి చేయి కిందికి వదిలితే వేలి కణుపులు తాకే ఎత్తులో ముఖం ఉండేట్టు పెట్టుకోవాలి.

ఒట్టి దాగలిని సమ్మెటతో కొట్టొద్దు. చల్లారిన ఉక్కును దాని మీద పగలగొట్టొద్దు. కళ్ళద్దాలు లేకుండా పిల్లలను దగ్గరికి రానీయొద్దు. జింకు పూత ఉన్న పైపులు, రేకులు కొలిమిలో కాల్చొద్దు, ఆ పొగ విషం.

రైతులకూ ఒక మాట. లారీ కమాన్ పట్టీ ముక్క కొడవలికి, కత్తికి మంచి ఉక్కు. హైవే పక్క షెడ్లలో విరిగినవి దొరుకుతాయి. తెచ్చి ఇస్తే కమ్మరికి మేలు. దాన్ని నీళ్ళలో కాక నూనెలో చల్లార్చాలి, నీళ్ళలో పగుళ్ళు వస్తాయి. రోటవేటర్ బ్లేడ్లు కంపెనీలో పదును పెట్టి వచ్చినవి. వంగిందని కొలిమిలో కాల్చి ఊరికే చల్లారనిస్తే పదును పోతుంది, వారంలో అరిగిపోతాయి.

డబ్బు ఎక్కడి నుంచి?

2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తుల్లో కమ్మరి పని ఒకటి. పేరు నమోదై శిక్షణ పొందేవారికి రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల అప్పు, అది తీరిస్తే రెండు లక్షల అప్పు అని రాశారు. మొదటి లక్ష 18 నెలల్లో తీర్చాలి. పూచీకత్తు అడగకూడదు. నమోదు మీసేవ, కామన్ సర్వీస్ సెంటర్లలో చేస్తారా అని అడిగి తెలుసుకోండి. పంచాయతీ స్థాయిలో పరిశీలన ఉంటుంది.

పనిముట్ల పేరుతో పెట్టె చేతిలో పెడితే సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. అందులో దాగలి ఉందా? ఎంత బరువు? ఏ ఉక్కు? జవాబు లేకపోతే పైన చెప్పిన గోళీ జేబులోంచి తీయండి. 15,000తో 75 కిలోల మంచి దాగలి, తిత్తి మోటారు, సుత్తులు అన్నీ రావని మనకు తెలుసు. అందుకే మన సంఘం మూడు డిమాండ్లు పెడుతోంది. పనిముట్ల మొత్తాన్ని పెంచాలి, ఎంపిక వృత్తిదారు చేతిలో ఉండాలి. రైల్వే తుక్కులో కొంత భాగం చేతివృత్తుల సహకార సంఘాలకు నేరుగా, రసీదుతో, సరసమైన ధరకు ఇవ్వాలి. కొలిమికి గ్రామ పంచాయతీ స్థలంలో షెడ్డు, కరెంటు కనెక్షన్ ఇవ్వాలి.

డిమాండ్ పెట్టి చేతులు ముడుచుకుని కూర్చుంటే వానాకాలం ఆగదు. అందుకని మన చేతిలో ఉన్న పని ఇది. నాలుగైదు ఊళ్ళను ఒక జట్టుగా కట్టుకోవాలి. ఆ ఊళ్ళల్లో పని చేస్తున్న కొలిమి ఒకటి ఎంచుకుని ఇంటికి కొంత వేసుకుని మంచి దాగలి ఒకటి కొనాలి. బేరానికి ఇద్దరు రైతులు, ఒక కమ్మరి కలిసి పోవాలి.

తరువాత వచ్చే తగాదాలు ముందే తెంచుకోవాలి. దాగలి ఎవరిది? కమ్మరి నెలనెలా వాయిదాల్లో కట్టి తీర్చిన రోజు నుంచి పూర్తిగా ఆయనదే. అప్పటిదాకా జట్టుది. వడ్డీ ఉండదు. మేం కొనిచ్చాం కాబట్టి ముందు మా పని చెయ్ అని పెద్ద రైతు దబాయించడానికి వీల్లేదు, వచ్చిన వరుసలోనే పని. పదునుకు, కర్రు సాగదీయడానికి, కొత్త కొడవలికి ధరలు కమ్మరులతో కూర్చుని మాట్లాడి బోర్డు మీద రాయాలి. బొగ్గు ధర పెరిగితే మళ్ళీ కూర్చోవాలి. ఉద్దర వద్దు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టాలి.

రాజస్థాన్ నుంచి వచ్చి రోడ్డు పక్కన గుడారాలు వేసుకుని గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసే కుటుంబాలు కూడా మన హైవే మీద కనబడతాయి. నేలలో గుచ్చిన చిన్న మేకులాంటి దాగలి మీద ఆడవాళ్ళు సమ్మెట ఎత్తి కొడుతుంటారు. వాళ్ళూ మన శ్రమజీవులే. మన కమ్మరికి పోటీ అని వాళ్ళను తరమొద్దు.

చివరగా ఒక మాట. కొలిమి పని నేర్చుకోవడానికి పిల్లలు ముందుకు రావడం లేదని కమ్మరి అన్నలు బాధపడుతున్నారు. ఎందుకు వస్తారు? చచ్చిన దాగలి మీద రోజంతా కొట్టి, భుజాలు పోగొట్టుకుని, సాయంత్రానికి వందో రెండొందలో ఉద్దర రాసుకునే పనికి ఎవరు బిడ్డను పంపుతారు? మంచి పనిముట్టు, నగదు కూలి, మర్యాద ఉంటేనే వస్తారు. ఆ మూడింటిలో రెండు మన చేతిలోనే ఉన్నాయి.

రోహిణి కార్తె వెళ్ళేలోపు ప్రతి జట్టూ తన కొలిమిని ఎంచుకోవాలి. మృగశిర వానకు కర్రులు పదునెక్కి ఉండాలి. వచ్చే నెల సమావేశానికి ఏ ఊరి జట్టు ఎంత వేసుకుంది, ఏ దాగలి చూసింది, గోళీ ఎంత ఎత్తు లేచింది అని లెక్కలతో రండి. ఆ లెక్కలను ఈ పత్రికలోనే అచ్చు వేద్దాం. ఒక ఊరి అనుభవం ఇంకో ఊరికి పనికొస్తుంది.

రైతు, కమ్మరి ఐక్యత వర్ధిల్లాలి.